ఉద్యోగం చేస్తూ చదివేవారు ఎవరి విద్యార్థులు?

తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగించుకొని నిజాంపేట మస్జిదుల నుంచి బయటికి వచ్చే యువకులలో చాలామంది, మరో రెండు మూడు గంటల్లో మెడలో గుర్తింపు కార్డు వేసుకొని హైటెక్ సిటీ దారి పడతారు. కొందరు జె.ఎన్.టి.యు. కూడలి మీదుగా ద్విచక్ర వాహనాలపై వెళ్తారు. కొందరు మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం చేరతారు. వీరి తండ్రులు పాతబస్తీలోనో, నిజామాబాదులోనో, కర్నూలులోనో చిన్న దుకాణం నడిపినవారు, కుట్టుపని చేసినవారు, ఆటో తోలినవారు. ఇంటిలో మొదటి ఇంజనీరును నేనే అని చెప్పుకోగలిగిన తరం ఇది.

ఈ తరం దానంతటదే పుట్టుకు రాలేదు. విద్యా, ఉద్యోగ రంగాలలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ 2007లో చట్టం వచ్చింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేసినా, అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల ఆ సౌకర్యం కొనసాగింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం తోడయింది. వేలాది పేద కుటుంబాల పిల్లలు ఇంజనీరింగ్ కళాశాల గడప తొక్కారు. ఈ హక్కు కోసం వీధిలో నిలబడినవారికీ, న్యాయస్థానంలో వాదించినవారికీ సముదాయం ఋణపడి ఉంది.

నాడు కళాశాలలో చేరిన పిల్లలకు నేడు ముప్పై ఏళ్ళు దాటుతున్నాయి. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, తల్లిదండ్రుల మందుల ఖర్చు నెత్తిన పడింది. ఉద్యోగమైతే ఉంది. అందులో ఎదుగుదల లేదన్నది వీరిలో ఎందరో వెళ్ళబోసుకునే బాధ. ఏడెనిమిదేళ్ళుగా అదే పరీక్షల విభాగం, అదే సపోర్టు పని, అదే రాత్రి షిఫ్టు. ప్రాజెక్టు మొత్తాన్ని చూసే బాధ్యత, దాని రూపకల్పనను నిర్ణయించే బాధ్యత వేరొకరికి వెళ్తుంది. ఆ బాధ్యతకు కావలసిన పై చదువు వీరికి లేదు. మానివేసి చదువుదామంటే ఇల్లు గడవదు. చేస్తూ చదువుదామంటే ఆదుకునే పథకం లేదు. ఈ సంపాదకీయం ఆ చివరి మాట గురించే.

ముందుగా, ఆ పై చదువు ఏమిటో చెప్పుకుందాం. హైదరాబాదు మెట్రోనే ఉదాహరణగా తీసుకోండి. 2017 నవంబరు 28న ప్రారంభమైన ఈ మెట్రోలో పెట్టెలను కొరియాకు చెందిన హ్యుందాయ్ రోటెమ్ తయారుచేసింది. రైలుకూ నియంత్రణ కేంద్రానికీ మధ్య నిరంతర సమాచారంతో నడిచే సిగ్నల్ విధానాన్ని థేల్స్ సంస్థ అందించింది. నిర్మాణం, నిర్వహణ ఎల్ అండ్ టి చేపట్టింది. విద్యుత్తు ఒకరిది, టికెట్ యంత్రాలు మరొకరివి. రైలు ఆగవలసిన చోట ఆగాలంటే, తలుపు తెరవవలసిన క్షణంలో తెరవాలంటే, ఇవన్నీ ఒకదాని మాట ఒకటి వినాలి. ఏ భాగం ఏ పని చేయాలి, ఒక భాగం మరొక దానితో ఎక్కడ కలవాలి, కలిసిన చోట తప్పు జరిగితే ఏమవుతుంది, చివరికి ప్రయాణికుడు కోరినదే తయారయిందా అన్న ప్రశ్నలకు మొదటి రోజు నుంచీ జవాబుదారీగా ఉండే విద్య పేరే సిస్టమ్స్ ఇంజనీరింగ్. భాగాలను తయారుచేసే పని కంటే, వాటి మధ్య సంబంధాన్ని కాపాడే పని ఇందులో ముఖ్యం.

ఆ సంబంధం తెగితే ఏమవుతుందో 1999లో ప్రపంచం చూసింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారక గ్రహానికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ గమ్యం చేరే వేళ నాశనమైంది. ఒక బృందం ఇచ్చిన లెక్కలు పౌండ్ల కొలతలో ఉన్నాయి. అందుకున్న బృందం వాటిని మెట్రిక్ కొలతలనుకుంది. ఎవరి లెక్క వారికి సరైనదే. రెండు లెక్కలు కలిసే చోట కాపలా లేకపోయింది. ఆ కాపలా ఉండగలిగినవారికే పరిశ్రమలో పెద్ద బాధ్యతలు అప్పగిస్తారు.

ఇది మనకు పరాయి విద్య కాదు. డాక్టర్ అబ్దుల్ కలాం చేసిన పని ప్రధానంగా ఇదే. ఆయన నాయకత్వం వహించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 1979 ఆగస్టు 10న రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటం మొరాయించడంతో బంగాళాఖాతంలో కూలింది. వందలాది మంది శ్రమను ఒక చిన్న భాగం వృథా చేసింది. లోపాన్ని వెదికి, సరిదిద్ది, 1980 జూలై 18న అదే రాకెట్టుతో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపారు. 1982లో ఆయన హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు అధిపతిగా వచ్చారు. ఎన్నో సంస్థలు, విశ్వవిద్యాలయాలు, కర్మాగారాలు చేసే భాగాలను ఒక్కటిగా కూర్చే పద్ధతిని ఈ నగరంలో స్థిరపరిచారు. ఆయన మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరడానికి ఫీజు లేనప్పుడు అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టిన సంగతి మన ఇళ్ళలో పిల్లలకు చెప్పుకునేదే. ఆ గాజుల సంగతి ఈ వ్యాసం చివర మళ్ళీ తలుచుకోవలసి వస్తుంది.

నేడు ఈ విద్యకు మన నగరంలోనే గిరాకీ ఉంది. హనీవెల్, క్వాల్‌కామ్, మెడ్‌ట్రానిక్, హ్యుందాయ్ వంటి సంస్థలకు ఇక్కడ ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. విమాన భాగాలు, చిప్‌లు, వైద్య పరికరాలు, కార్లు, ఏది తీసుకున్నా అందులో యంత్రం, విద్యుత్తు, సాఫ్ట్‌వేర్ కలిసే ఉంటాయి. కేవలం కోడ్ రాయడం తెలిసినవారి కంటే, ఆ కోడ్ ఏ పరికరంలో ఏ ప్రాణం కాపాడడానికి పనిచేస్తుందో తెలిసినవారి విలువ ఎక్కువ.

ఉద్యోగం మానకుండా ఈ విద్యను అందుకోవడానికి ఏర్పడినవే గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కోర్సులు. డిగ్రీ పూర్తిచేసినవారికి సాధారణంగా నాలుగైదు పాఠ్యాంశాలు, సాయంత్రాలలోనో వారాంతాలలోనో ఆన్‌లైన్‌లోనో, ఏడాది నుంచి రెండేళ్ళ వ్యవధిలో బోధిస్తారు. అవసరాలను రాతపూర్వకంగా నిర్ధారించడం, వ్యవస్థ నిర్మాణాన్ని గీయడం, భాగాలను కూర్చి పరీక్షించడం, ప్రమాదాలను ముందే అంచనా వేయడం ఇందులోని ముఖ్యాంశాలు. అమెరికాలో స్టీవెన్స్ వంటి విశ్వవిద్యాలయాలు ఇచ్చే సర్టిఫికెట్‌లో సంపాదించిన క్రెడిట్లు తరువాత మాస్టర్స్ డిగ్రీలో కలుస్తాయి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నాలుగు కోర్సుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ నడుపుతోంది. అది వృత్తి నైపుణ్యానికి సంబంధించిన పత్రం, డిగ్రీకి మెట్టు కాదు. రెంటి మధ్య తేడా తెలుసుకోవడం ఎంత అవసరమో తరువాత చెప్పుకుందాం.

మన దేశంలో ఈ పేరుతో నేరుగా ఇచ్చే కోర్సులు తక్కువే. అయినా దారులు లేకపోలేదు. బిట్స్ పిలానీ 1979 నుంచీ ఉద్యోగుల కోసం పనితో ముడిపడిన విద్యా కార్యక్రమాలను నడుపుతోంది. సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్, ఎంబెడెడ్ సిస్టమ్స్ వంటివి అందులో ఉన్నాయి. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఉద్యోగులకు ప్రత్యేక కోర్సులు అందిస్తోంది. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలకూ, కూకట్‌పల్లి జె.ఎన్.టి.యు.కూ సాయంకాలపు పార్ట్‌టైమ్ పీజీ తరగతులు నడిపిన అనుభవం ఉంది. నిజాంపేట నుంచి చూస్తే వీటిలో కొన్ని కూతవేటు దూరంలోనే ఉన్నాయి. అడ్డుపడుతున్నవి నిబంధనలు, డబ్బు.

నిబంధనల సంగతి చూడండి. తెలంగాణ ఫీజు రీయింబర్స్‌మెంట్ పార్ట్‌టైమ్, ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకు వర్తించదు. పట్టణాలలో కుటుంబ వార్షికాదాయం 2 లక్షల రూపాయలు దాటితే అర్హత లేదు. కూలివాడి కొడుకు కళాశాలలో ఉన్నప్పుడు ఇది అతణ్ణి ఆదుకుంది. అతడు ఉద్యోగంలో చేరి మొదటి జీతం అందుకున్న రోజునే అర్హత పోయింది. విదేశాలలో చదివే మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మంచి పథకమే. కాని అది ఉద్యోగం వదిలి విమానం ఎక్కగలిగినవారికే. ముసలి తల్లిని, ఇద్దరు పిల్లలను వదిలి వెళ్ళలేక, నిజాంపేట అద్దె ఇంట్లో రాత్రి పది గంటలకు ల్యాప్‌టాప్ తెరిచి అదే స్థాయి పాఠం చదివే వ్యక్తికి ఒక్క రూపాయి రాదు.

కేంద్రం వైపు చూస్తే తలుపులు మూసుకుంటున్నాయి. పరిశోధక విద్యార్థులకు ఇచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేశారు. విదేశీ విద్యా ఋణాలపై వడ్డీ భారం తగ్గించిన 'పఢో పర్‌దేశ్' కూడా అదే ఏడాది ఆగిపోయింది. 1994లో ఏర్పడిన జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ విద్యా ఋణాలు ఇస్తుంది. అందులో తక్కువ వడ్డీ దొరికే విభాగానికి కుటుంబ ఆదాయం 3 లక్షలలోపు ఉండాలి. ఉద్యోగంలో ఉన్న ఇంజనీరు కుటుంబంలో ఎందరికి ఆ షరతు సరిపోతుంది?

ఈ పథకాలను రాసినవారి మనసులో విద్యార్థి అంటే ఒకే రూపం ఉంది. అతనికి ఇరవై ఏళ్ళు, తండ్రి సంపాదనపై బతుకుతాడు, పగలు తరగతికి వెళ్తాడు. ముప్పై రెండేళ్ళ వయసులో ఇంటిని మోస్తూ చదివేవాడు ఆ రూపంలో ఇమడడు. సంపాదిస్తున్నాడు గనుక పేదవాడు కాదంటారు, పగలు తరగతికి రాడు గనుక విద్యార్థి కాదంటారు. సంపన్న కుటుంబాలకు ఇది పెద్ద చిక్కు కాదు, చదువు పూర్తిగా ముగించుకొనే ఉద్యోగంలో దిగుతారు. మధ్యలో ఉద్యోగంలో చేరక తప్పని కుటుంబాలకే ఇది గోడ. అలాంటి కుటుంబాలు ముస్లింలలో ఎక్కువ గనుక, మతం పేరు ఎక్కడా లేని ఈ నిబంధన దెబ్బ మనకు ఎక్కువ తగులుతుంది. దళిత, వెనుకబడిన వర్గాల తొలితరం ఇంజనీర్లకూ తగులుతుంది. అందుచేత ఈ కోరిక మన ఒక్కరిదే కాదు.

గణాంకాలు కూడా ఇదే చెబుతున్నాయి. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలోని ప్రముఖ కళాశాలలలో డిగ్రీ విద్యార్థులలో 25 మందికి ఒకరు, పీజీ విద్యార్థులలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలు. డిగ్రీ నుంచి పీజీకి వెళ్ళే ఆ ఒక్క మెట్టు దగ్గరే సగానికి సగం జారిపోతున్నారు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో ఉన్నత విద్యలో సుమారు 21 లక్షలుగా ఉన్న ముస్లిం విద్యార్థులు, 2020-21లో 19 లక్షల చిల్లరకు తగ్గారు. జనాభాలో 14 శాతం పైగా ఉన్నవారు ఉన్నత విద్యలో 5 శాతం కూడా లేరు. చదువు నడుమ ఆపి పనిలో చేరినవారిని మళ్ళీ చదువులోకి తెచ్చే దారి వేయకుండా ఈ అంతరం పూడదు.

డబ్బు సంగతికి వస్తే, మన సముదాయానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. దేశీయ కోర్సులకు లక్షల రూపాయలు, విదేశీ సర్టిఫికెట్లకు ఒక్కో పాఠ్యాంశానికే వేల డాలర్లు అవుతాయి. ఇతరులు బ్యాంకు ఋణమో, నెలసరి వాయిదాలో ఎంచుకుంటారు. వడ్డీని హరామ్‌గా భావించే కుటుంబం ఆ దారి పట్టదు. కొందరు మనసు చంపుకొని తీసుకుంటారు, కొందరు చదువే మానుకుంటారు. ఇది విశ్వాసానికీ ఎదుగుదలకూ మధ్య ఒకటి ఎంచుకోమనడం. ఇలాంటి ఎంపికను ఒంటరి యువకుడి భుజాలపై వదిలేసి, 'మనవాళ్ళు పై చదువులు చదవరు' అని సభలలో వాపోవడం న్యాయం కాదు.

ఆడపిల్లల విషయం మరింత ఆలోచించవలసినది. మన ఇళ్ళలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న కూతుళ్ళు, కోడళ్ళు ఎందరో ఉన్నారు. పెళ్ళి తరువాత, మొదటి బిడ్డ తరువాత ఉద్యోగం మానినవారు, మూడు నాలుగేళ్ళ విరామం తరువాత తిరిగి చేరాలంటే అడుగడుగునా ప్రశ్నలు ఎదుర్కొంటారు. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి ఇళ్ళలో ఇంటి నుంచే చదవగల ఒక గట్టి సర్టిఫికెట్, ఆ విరామానికి గౌరవప్రదమైన సమాధానం కాగలదు. అవసరాల పత్రం రాయడం, నమూనాలు గీయడం, పరీక్షల ప్రణాళిక వేయడం వంటి పనులలో ఇంటి నుంచి చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఆమెకు పుస్తకం కొనిచ్చినంత మాత్రాన చాలదు. రోజుకు రెండు గంటలు బిడ్డను ఎత్తుకునే చేయి కూడా కావాలి. ఆ చేయి భర్తదీ, అత్తమామలదీ కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఫోను తెరిస్తే చాలు, 'ఆరు నెలల్లో జీతం రెట్టింపు' అనే ప్రకటనలు వరదలా వస్తున్నాయి. పేరున్న విశ్వవిద్యాలయం ముద్ర పక్కన ఏదో కంపెనీ పేరు ఉంటుంది. పాఠం చెప్పేది ఎవరో, పరీక్ష పెట్టేది ఎవరో తెలియదు. చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్‌పై సంతకం విశ్వవిద్యాలయానిదా, కంపెనీదా? ఇందులోని క్రెడిట్లు రేపు ఎం.టెక్.లోనో ఎం.ఎస్.లోనో కలుస్తాయా, కలుస్తాయని రాతపూర్వకంగా ఇస్తారా? సొంత ప్రాజెక్టు చేయిస్తారా, కేవలం వీడియోలు చూపిస్తారా? నడుమ మానుకోవలసి వస్తే ఫీజులో ఎంత తిరిగి వస్తుంది? ఈ నాలుగింటికీ సూటి జవాబు రాకపోతే ఆ దుకాణం గడప తొక్కవద్దు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2001 నుంచి 2005 మధ్య కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలను 2017 నవంబరులో సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఏళ్ళ తరబడి ఉద్యోగాలలో ఉన్నవారు మళ్ళీ పరీక్ష రాయవలసిన పరిస్థితి వచ్చింది. కష్టార్జితం, కాలం రెండూ ప్రమాదంలో పడ్డాయి. ఇంజనీరింగ్ డిగ్రీలను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతులలో ఇవ్వడాన్ని యు.జి.సి. నిబంధనలు నేటికీ అనుమతించవు. కనుక సర్టిఫికెట్‌ను సర్టిఫికెట్‌గానే చూడాలి. దానిని డిగ్రీ అని ఎవరైనా అమ్మితే నమ్మకూడదు.

చేతిలో డబ్బు లేనివారు ఎక్కడ మొదలుపెట్టాలి? ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడిపే ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు ఉచితం. పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాసే సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే స్వల్ప రుసుము చెల్లించాలి. సిస్టమ్స్ ఇంజనీరింగ్ వృత్తిదారుల అంతర్జాతీయ సంఘం 'ఇన్‌కోసి' ఇచ్చే తొలి స్థాయి ధ్రువపత్రానికి అనుభవ నిబంధన లేదు, జ్ఞాన పరీక్ష నెగ్గితే చాలు. తరువాతి స్థాయికి కనీసం ఐదేళ్ళ వృత్తి అనుభవం కావాలి. మన యువకులలో చాలామందికి ఆ అనుభవం ఇప్పటికే ఉంది. పరీక్షల విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేసినవారు తమను తాము తక్కువ చేసుకోనక్కరలేదు. ఒక వ్యవస్థ ఎక్కడ విఫలమవుతుందో వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆ అనుభవానికి శాస్త్రం తోడైతే అదే వారి బలం.

ఇక మన కోరికలు. రాష్ట్ర ప్రభుత్వాన్ని మూడు అడుగుతున్నాం. మొదటిది, గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాలు క్రెడిట్లతో ఇచ్చే పీజీ సర్టిఫికెట్లను, పార్ట్‌టైమ్ పీజీ కోర్సులను ఫీజు సహాయ పథకాల పరిధిలోకి తేవాలి. ఆదాయ పరిమితిని తండ్రి ఆదాయంతో కాక, ఉద్యోగిపై ఆధారపడిన కుటుంబ సభ్యుల సంఖ్యతో ముడిపెట్టాలి. రెండోది, మైనారిటీల ఆర్థిక సంస్థ ద్వారా వడ్డీ లేని విద్యా సహాయం ఇవ్వాలి. ఉద్యోగి జీతం నుంచి అసలు మాత్రమే వాయిదాలలో వసూలు చేసుకోవచ్చు. జీతం వచ్చే వ్యక్తి నుంచి అసలు తిరిగి రావడం, ఏ ఇతర పథకంలో కంటే ఇందులో సులువు. మూడోది, జె.ఎన్.టి.యు., ఉస్మానియా విశ్వవిద్యాలయాలు సిస్టమ్స్ ఇంజనీరింగ్‌లో సాయంకాలపు సర్టిఫికెట్ ప్రారంభించి, దాని క్రెడిట్లను ఎం.టెక్.కు చేర్చాలి. 2021 నుంచి అమలులోకి వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఇందుకు వీలు కల్పిస్తోంది. ఈ కోర్సుల ప్రవేశాలలో రిజర్వేషన్లు పాటించాలి. లేకపోతే డిగ్రీ దాకా వచ్చిన హక్కు, డిగ్రీ దాటగానే ఆవిరైపోతుంది.

ప్రభుత్వాన్ని అడిగే నోటితోనే మన సంస్థలనూ అడగాలి. రాజ్యాంగంలోని 30వ అధికరణ మైనారిటీలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కుతోనే 1980లో ముఫఖమ్ జా ఇంజనీరింగ్ కళాశాల, ఆ తరువాత దక్కన్ కళాశాల వంటివి వెలిశాయి. వేలాది మంది ఇంజనీర్లు అక్కడి నుంచి వచ్చారు. ఆ కళాశాలల భవనాలు సాయంత్రం ఐదు తరువాత ఖాళీగా ఉండవలసిన అవసరం ఏముంది? అదే కళాశాలల పూర్వ విద్యార్థులు నేడు హైటెక్ సిటీలో అనుభవజ్ఞులు. వారిని పాఠం చెప్పడానికి పిలవండి. గచ్చిబౌలిలో 1998 నుంచీ ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఐటీ కారిడార్ నడుమనే ఉంది. కంప్యూటర్ సైన్స్‌లో ఎం.టెక్. నడిపే ఆ సంస్థ, ఉద్యోగుల కోసం సాయంకాలపు సర్టిఫికెట్ తలపెడితే, ఉర్దూ మాధ్యమంలో చదివి ఇంగ్లీషు భయంతో వెనుకబడినవారికి అది అండ అవుతుంది. సాంకేతిక విద్యకు ఉర్దూ పనికిరాదనేవారు, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే ఉన్నత విద్యను ఆరంభించిందని, తరువాత ఇంజనీరింగ్‌ను కూడా అందులో బోధించిందని గుర్తు చేసుకోవాలి.

చివరిగా, నిజాంపేట వంటి బస్తీలలో ఉన్న మన మస్జిదు కమిటీలకు, సంక్షేమ సంఘాలకు ఒక విన్నపం. మనం జకాత్‌ను, సదఖాను ఎక్కువగా తిండికీ, పెళ్ళిళ్ళకూ, మందులకూ ఇస్తున్నాం. అవి ఆగకూడదు. వాటితోపాటు ఖర్జె హసనా పద్ధతిలో ఒక తిరుగు నిధి పెట్టుకోండి. ఇరవై మంది ఉద్యోగులు నెలకు రెండు వేల రూపాయల చొప్పున వేస్తే ఏడాదికి 4 లక్షల 80 వేలు పోగవుతాయి. అందులో నుంచి ఇద్దరు ముగ్గురు చదువుకొని, జీతం పెరిగాక అసలు తిరిగి ఇస్తే, ఆ డబ్బు మరో ఇద్దరికి చేరుతుంది. లెక్కలు నోటీసు బోర్డుపై అందరికీ కనబడాలి. నిధిని ఎవరి అధీనంలోనూ ఉంచక, ముగ్గురి సంతకంతో నడపాలి. ఇషా నమాజు తరువాత వారానికి రెండు రోజులు, ఒక గదిలో, ఒకే కోర్సు చదివేవారు కలిసి కూర్చుంటే నడుమ మానుకునేవారు తగ్గుతారు. స్త్రీలకు వేరుగా సమయమూ, చోటూ కేటాయించాలి. పొరుగున ఉన్న దళిత, హిందూ, క్రైస్తవ యువకులు వస్తే వారినీ కూర్చోబెట్టుకోండి, ఈ గోడ వారికీ ఉంది.

కుటుంబాలకు కూడా ఒక మాట. ఇంట్లో ముప్పై ఏళ్ళ కొడుకు మళ్ళీ పుస్తకం పట్టుకుంటే, 'ఇంకా చదువేమిటి, స్థలం కొనుక్కో' అనకండి. ప్రతి యువకుడికీ సర్టిఫికెట్ అవసరం లేదు. కొందరికి అనుభవమే చాలు. కాని చదవాలని కోరుకునేవారికి మాత్రం ఇల్లు అడ్డు కాకూడదు. రంజాన్ మాసంలో పరీక్ష వస్తే వంటింటి పని పంచుకోండి. శుక్రవారం మధ్యాహ్నం తరగతి పెట్టవద్దని నిర్వాహకులను మర్యాదగా, కలిసికట్టుగా అడగండి. అడగనిదే ఏ హక్కూ రాదు.

జొహరా గాజుల కథను మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కాని ఆ కథలో ఒక బాధ కూడా ఉంది. తమ్ముడి చదువుకు ఒక అక్క నగలు తాకట్టుకు వెళ్ళవలసి వచ్చిందంటే, ఆనాటి ప్రభుత్వమూ, సమాజమూ తమ పని చేయలేదని అర్థం. అక్కల త్యాగంపైనే సముదాయం ఎప్పటికీ నడవలేదు. నేటి చెల్లెలు తన గాజులు తన చేతికే ఉంచుకొని, తానూ ఒక పుస్తకం తెరవగలగాలి.

ఉద్యోగం చేస్తూ చదివేవారు ఎవరి విద్యార్థులు అని అడిగాం. పన్ను కడుతున్న పౌరులు గనుక ప్రభుత్వానికి విద్యార్థులే. 30వ అధికరణ పేర ఏర్పడిన కళాశాలలకు విద్యార్థులే. మస్జిదులో పక్కన నిలబడి నమాజు చేసేవారు గనుక మనకూ విద్యార్థులే. ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు ముందు అడుగు వేయాలి. ప్రభుత్వం వేసేదాకా ఎదురుచూడకుండా, వచ్చే జుమా తరువాత మీ బస్తీలో పదిమంది కూర్చొని ఒక పుస్తకంలో పేర్లు రాసుకోండి. ఆ జాబితానే తరువాత వినతిపత్రమై ప్రభుత్వం ముందుకు వెళ్తుంది.